కుడి మూలలో మా అమ్మాయి

ఆ ఎండాకాలం మా ఇంట్లో వార్తలు వినిపించేవి, కనిపించేవి కావు. చెవులున్నవాళ్ళకి అదేం పెద్ద కష్టం కాదు. కానీ ఆ వార్తల కోసం మా ఇంట్లో కాచుకుని కూర్చున్న మనిషికి వినపడదు.

నా భార్య సంగతి చెబుతున్నాను. పుట్టుచెవుడు, అందువల్ల మాటా రాలేదు. బడికి పంపాలన్న ఆలోచన ఆమె పుట్టింట్లో ఎవరికీ రాలేదు. నాకు బడి ఉండి కూడా ఆరో తరగతితో చాలించారు. అన్నయ్య చదువుతున్నాడు కదా, ఇంటికి ఒకడు చాలన్నారు. గేట్లూ గ్రిల్సూ చేసే షెడ్డులో వెల్డర్నయ్యాను. మా ఇద్దరి మధ్యా ఉన్న భాష మేం చేసుకున్నదే. లేని మీసం మెలేస్తే మా అన్నయ్య. ముక్కు ఎగబీలిస్తే మా వదిన. అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంటే నా పని. మా అమ్మాయికి మాటలకన్నా ముందు ఈ చేతులే వచ్చాయి.

ఆ చేతులే దానికి కూడు పెట్టాయి. వినపడనివాళ్ళ కోసం సైగల భాష నేర్పే చోట ఏదో కోర్సు చేసింది. ఆ వేసవిలో ఒక చానల్‌లో మధ్యాహ్నం వార్తలకి సైగలు చేసే ఆవిడ కాన్పుకి వెళితే, ఆ చోటు మా అమ్మాయికి దొరికింది. వార్తలు చదివే ఆయన మధ్యలో కూర్చుంటాడు. తెర కింద కుడి మూలలో ఒక గుండ్రం ఉంటుంది. ఆ గుండ్రంలో మా అమ్మాయి.

నేను షెడ్డులో ఉండగా ఫోన్ చేసింది.

"వానలు మొదలయ్యేదాకే నాన్నా. తర్వాత ఆవిడ వచ్చేస్తుంది."

"ఎప్పటిదాకా అయితేనేం. మీ అమ్మకి చెబితే ఇల్లు నిలవదు."

"అమ్మ చూడకపోయినా పర్లేదులే నాన్నా. మూలన, ఇంతే కనిపిస్తాను."

"ఇంతే కనిపించినా నా కూతురివే. పెట్టెయ్ ఫోను."

సిగ్గుపడుతోందనుకున్నాను.

నా భార్యకి చెప్పాను. టీవీ వైపు చూపించి, మూలన సున్నా చుట్టి, ఆ సున్నాలో మా అమ్మాయి చేతులు ఆడించాను. మొదట నమ్మలేదు. తర్వాత తడిగుడ్డ తెచ్చి టీవీ అద్దం తుడిచింది. ఆ తర్వాత ఆ కుడి మూల ఒక్కటీ మళ్ళీ తుడిచింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి సైకిలెక్కి ఇంటికొచ్చాను. వార్తలు మొదలయ్యాయి. నల్లకోటు ఆయన చక్కగా కనిపించాడు. గుండ్రంలో మా అమ్మాయి మొహం కూడా కనిపించింది. నా భార్య నా భుజం మీద ఒక్కటిచ్చింది సంతోషంతో. అప్పుడు మా అమ్మాయి చేతులెత్తింది. ఎత్తగానే ఆ చేతులు గళ్ళుగళ్ళుగా పగిలిపోయాయి. ఒక వేలు ఇక్కడ, మోచెయ్యి అక్కడ, మధ్యలో ఆకుపచ్చ ముక్కలు. కాసేపటికి బొమ్మ బిగుసుకుపోయింది, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నల్లకోటు ఆయన గొంతు మాత్రం గంటలా వినిపిస్తూనే ఉంది.

ఆ ఏడే పాత ప్రసారాలు ఆపేసి, యాంటెనా ఉన్న టీవీలకి డిజిటల్ డబ్బా పెట్టుకోమన్నారు. పాత టీవీలో బొమ్మ మసకేసినా, చీమలు పాకినా, మనిషి మనిషిలాగే ఉండేవాడు. ఈ కొత్తదానికి మధ్యేమార్గం లేదు. వస్తే కడిగిన ముత్యంలా వస్తుంది, లేకపోతే ముక్కలు. పైగా కదలకుండా కూర్చున్నవాడికి ఏమీ కాదు. కదిలేదే పగిలిపోతుంది. ఆ తెర మొత్తంలో కదిలేవి మా అమ్మాయి చేతులే.

పక్కింటికి వెళ్ళి చూడొచ్చు కదా అంటారు. మా వీధంతా కేబుల్. ఆ చానల్ కేబుల్లో రాదు, యాంటెనాకి మాత్రమే వస్తుంది. యాంటెనా మిగిలింది మా ఇంటి మీదే. అప్పటి నా ఫోన్ మాట్లాడడానికే గానీ ఏదైనా చూడడానికి పనికొచ్చేది కాదు.

మా ఇల్లు అన్నాను గానీ, కింది భాగమే మాది. పై అంతస్తు, దాని మీది డాబా అన్నయ్యవి. నాన్న అలా పంచి పోయాడు. అన్నయ్య ఆఫీసులో సూపరింటెండెంటు. సాయంత్రాలు డాబా మీద కూర్చోవడానికి కిందటేడు రేకుల షెడ్డు వేయించుకున్నాడు. వేయించుకున్నాడు అంటే నేనే వేశాను. ఆదివారాలన్నీ ఆ షెడ్డుకే పోశాను. నా చేత్తో వెల్డింగ్ చేసిన ఆ రేకుల వెనకే నా యాంటెనా నక్కి ఉంది. అన్నయ్య ఇనప రేకులు కావాలన్నప్పుడు నాకేం తెలుసు, అవి అడ్డం పడేది మా అమ్మాయి చేతులకని!

సెలవురోజు పొద్దున అన్నయ్యని అడిగాను, డాబా ఎక్కి యాంటెనా సరిచేసుకుంటానని.

"నువ్వు కిందుండు. నీకేం తెలుసు సిగ్నల్ సంగతి? నేను తిప్పుతా, నువ్వు చెప్పు" అన్నాడు.

సరే, ఆయన పైన. నా భార్య గదిలో టీవీ ముందు. నేను పెరట్లో, కిటికీకీ డాబాకీ మధ్య. బొమ్మ వస్తే ఆమె అరచెయ్యి పైకెత్తుతుంది, లేకపోతే అడ్డంగా ఊపుతుంది. అది చూసి నేను అరవాలి.

"వచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడో?"

"రాలేదన్నయ్యా."

"ఇప్పుడు?"

అరచెయ్యి లేచింది. "వచ్చింది, వచ్చింది!" అని అరిచాను. నా అరుపు ముగిసేలోగా చెయ్యి దిగిపోయింది. "పోయింది!"

"వచ్చిందంటావు, పోయిందంటావు! ఒక్క మాట మీద ఉండరా."

"నేను మాట మీదే ఉన్నా. బొమ్మే ఉండట్లేదు."

వచ్చిందన్న చోటికి వెనక్కి తిప్పాడు. రాలేదు. ఇంకాస్త తిప్పాడు. వచ్చింది, అనేలోగా మళ్ళీ పోయింది. ఆయనకి చెమటలు పట్టాయి, నాకు గొంతు పట్టింది. చివరికి పిట్టగోడ మీంచి తల బయటపెట్టి, వీధంతా వినేలా, "మీ ఆవిడకి వినపడదనే అనుకున్నా, కనపడదు కూడానా?" అని నవ్వాడు.

పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న మనిషి కూడా నవ్వింది. నా భార్య కిటికీలోంచి నన్ను చూస్తోంది, ఎందుకు నవ్వుతున్నారని కనుబొమ్మలెగరేసి. ఏమీ లేదని చెయ్యూపాను. ఒళ్ళు మండిపోతోంది.

అంతలో అన్నయ్య ఫోన్ మోగింది. ఆఫీసరు. "సార్, చెప్పండి సార్, అలాగే సార్" అంటూ, ఆ ఆఫీసరు నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని చూస్తున్నట్టు, నిటారుగా నిలబడ్డాడు. ఒక చెయ్యి ఫోన్ మీద, ఇంకో చెయ్యి యాంటెనా కడ్డీ మీద. కడ్డీకి మొదటిసారి విశ్రాంతి దొరికింది. కాసేపటికి నా భార్య అరచెయ్యి లేచింది, ఇక దిగలేదు. లోపలికి పరిగెత్తి చూశాను. ఎవరో పైర్లకి మందు కొట్టడం గురించి చెబుతున్నారు. ఆ మందు చుక్క చుక్కా కనిపిస్తోంది.

"ఆ, ఎక్కడున్నాం?" అన్నాడు పైనుంచి అన్నయ్య, ఫోన్ జేబులో పెట్టుకుని. కడ్డీ తిప్పాడు. చుక్కలన్నీ గళ్ళయిపోయాయి.

అప్పుడు అర్థమైంది నాకు. పాత టీవీలో చెయ్యి తిప్పగానే బొమ్మ మారేది, అదే అలవాటు. ఈ డబ్బా అలా కాదు. తిప్పాక కాసేపు ఆలోచించుకుని గానీ జవాబివ్వదు. ఆమె చెయ్యెత్తేసరికి అన్నయ్య ఆ చోటు దాటిపోయి ఉంటున్నాడు. ప్రతి జవాబూ అంతకుముందు చోటుది.

"అన్నయ్యా, తిప్పి కాస్త ఆగు. డబ్బాకి టైము పడుతోంది."

"ఆగడానికి నాకేం పనీపాటా లేదనుకున్నావా? ఆ డబ్బా పాడైపోయింది, మార్చుకో." చేతులు దులుపుకుని దిగిపోయాడు.

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్ళాక నేనే ఎక్కాను. తిప్పి ఆగాను, తిప్పి ఆగాను. ఒకచోట దొరికింది. కానీ గోడ అంచున గ్లాసు పెట్టినట్టుంది వ్యవహారం. గాలి వీస్తే చాలు, పోతుంది. మధ్యాహ్నం వార్తల వేళకి మళ్ళీ ముక్కలే. నా భార్య ఆ ముక్కల ముందే కూర్చునేది, వార్తలు అయిపోయేదాకా. మధ్యమధ్యలో ఒక చెయ్యి పూర్తిగా కనిపిస్తే వెంటనే నావైపు తిరిగేది, చూశావా అన్నట్టు. ఆలోగా అదీ పోయేది.

యాంటెనాల షాపుకి వెళ్ళాను. షాపువాడు కథంతా వినకుండానే ఒక బూస్టరు చేతిలో పెట్టాడు. "ఇది పెట్టుకోండి, ఇంక తిరుగుండదు" అన్నాడు. పెట్టాను. అదివరకు ముక్కలైనా వచ్చేవి, బూస్టరు పెట్టాక నీలం తెర వచ్చింది. మళ్ళీ వెళ్ళాను.

"మీకు ఎదురుగా ఏమైనా అడ్డం ఉందా?"

"రేకుల షెడ్డుంది."

"అయితే బూస్టరేం చేస్తుందండీ? వచ్చేదాన్ని పెంచుతుంది గానీ రానిదాన్ని పట్టుకొస్తుందా? చెత్త ఎక్కువ వస్తుంటే చెత్తని పెంచుతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు బూస్టరుందా అని అడిగారు, ఉందన్నాను."

అడగలేదు నేను. అడగలేదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. కౌంటర్ మీద ఆ బూస్టర్ని, లోపల ఏదో విరిగిన చప్పుడయ్యేంత గట్టిగా పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి, మళ్ళీ డాబా ఎక్కి, యాంటెనా ఊడదీసి చేత్తో పట్టుకుని పిట్టగోడెక్కి, షెడ్డు పైకప్పుకన్నా ఎత్తుగా నెత్తి మీద పెట్టుకుని నిలబడ్డాను. ఆగాను. కింద పెరట్లోకి నా భార్య పరిగెత్తుకొచ్చింది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతోంది. అంటే వచ్చింది. ఏదో ప్రకటన వస్తోందట, సబ్బు నురగ కూడా కనిపిస్తోందట. అడ్డం ఆ షెడ్డే. ఇంక అనుమానం లేదు.

"ఎండలో ఏం విన్యాసాలయ్యా మరిదీ! పడితే మా మీదకొస్తుంది!" వదిన మెట్ల దగ్గర నిలబడి అరిచింది.

దిగాను. సాయంత్రం అన్నయ్యతో మాట్లాడదామనుకున్నాను.

సాయంత్రం ఆయన షెడ్డు కింద ఉన్నాడు. ఆఫీసు స్నేహితులిద్దరు, టీలు, నవ్వులు. వదిన పక్కన కుర్చీలో ఉంది. నాకు కుర్చీ లేదు. ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు.

"మెట్లగది పైన ఒక పైపు బిగించుకుంటానన్నయ్యా. యాంటెనా దానికి కడతాను. నాలుగు బోల్టులే."

"నా స్లాబుకి బెజ్జాలా? వానాకాలం వస్తోంది. కారితే?"

"కారకుండా బిగించే పూచీ నాది. ఈ షెడ్డు బోల్టులు బిగించింది నేనే కదా. కారిందా?"

స్నేహితుడొకడు షెడ్డు పైకప్పు చూసి "బాగా చేశాడే" అన్నాడు. అన్నయ్యకి అది నచ్చలేదు.

"అసలు నీ బాధేంట్రా? సౌండు వస్తోందా లేదా?"

"వస్తోంది."

"వార్తలంటే వినేవి. సౌండు వస్తోందంటే వార్తలు వస్తున్నట్టే. మూలన బొమ్మ చేతులాడకపోతే కొంప మునిగిందా?"

"ఆ బొమ్మ నీ తమ్ముడి కూతురు."

"అందుకే చెబుతున్నా. మన పిల్లేగా, ఇంటికొచ్చినప్పుడు చూసుకోండి."

వదిన అందుకుంది. "ఆవిడకి నువ్వు చెబుతావుగా. ఇన్నేళ్ళూ అలాగే గడిచింది. ఇప్పుడు కొత్తగా ఆవిడకి దేశం సంగతులెందుకు చెప్పు?"

నాకు తెలియకుండా నా భార్య నా వెనకే మెట్లెక్కి వచ్చింది. నా చొక్కా లాగి, ఏమంటున్నారని అడిగింది.

ఇన్నేళ్ళుగా నా పని అదే. లోకం ఆమెని అన్న మాటలు నా చెవిలో పడతాయి. వాటిని కడిగి, ముల్లు తీసి, నా చేతుల్తో ఆమెకి అందిస్తాను. ఆ రోజూ అదే చేశాను. రేపు చూద్దాం అంటున్నారు, అని చెప్పాను.

ఆమె నా చేతులవైపు చూడలేదు. వదిన మొహం చూసింది, అన్నయ్య మొహం చూసింది, టీ గ్లాసు వెనక నవ్వు దాచుకుంటున్న ఆ స్నేహితుడి మొహం చూసింది. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనూ ఆమె వెనకే దిగాను. నోరు తెరిస్తే ఏమయ్యేదో నాకే తెలియదు. కిందికొచ్చి పెరట్లో నిలబడి పైకి చూశాను. పెరడు నాది. దాని మీది ఆకాశం కూడా నాదే, దాన్ని నాన్న పంచలేదు.

నేను పనిచేసే షెడ్డులో పనికిరాక పడి ఉన్న పైపులు ఏరాను. లావుది అడుగున, దానికన్నా సన్నది దాని మీద, ఇంకా సన్నది పైన. ఒకదాంట్లో ఒకటి దూర్చి చుట్టూ వెల్డింగ్ చేశాను. మామూలుగా ఒక వరస అతుకు వేసేచోట మూడు వరసలు వేశాను. మా ఓనరు చూసి, "ఏంటది, జెండా ఎగరేస్తావా?" అన్నాడు. "కోపం ఎగరేస్తా" అన్నాను.

పెరట్లో గొయ్యి తీసి, ఇంకో పెద్ద పైపు నిలబెట్టి కాంక్రీటు పోశాను. ఈ పోలు అందులో కూర్చుంటుంది, కావాలంటే చేత్తో తిరుగుతుంది. ఆరిన తర్వాత షెడ్డులో నాతో పనిచేసేవాళ్ళు సెలవురోజున వచ్చారు. తాళ్ళు కట్టి, అరుచుకుంటూ, బూతులు తిట్టుకుంటూ లేపారు. అన్నయ్య అంతస్తు దాటింది, డాబా దాటింది, రేకుల షెడ్డు దాటింది, ఆపైన యాంటెనా. పోలు తిరగడానికి అడ్డం రాకుండా వదులు రింగుకి లాగికట్టిన తీగలన్నీ నా జాగాలోనే దిగాయి.

అన్నయ్య బాల్కనీలోకొచ్చాడు. మొహం ఎర్రబడిపోయింది.

"ఏంట్రా ఇది? పిడుగు పడితే?"

"ఎర్తు తీగ వేశాను. నీ గోడకి దారప్పోగు కూడా తగల్లేదు, వచ్చి చూసుకో."

"ఊగుతోంది! మా మీద పడితే?"

"నేను అతికిందేదీ ఇంతవరకూ పడలేదు. నువ్వు దాని కిందే కూర్చుని టీ తాగుతున్నావు రోజూ."

వదిన కూడా వచ్చింది. "వీధిలో అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ వదినా. సౌండే కదా."

కింద మావాళ్ళు గట్టిగా నవ్వారు. బాల్కనీ తలుపు ధడాల్న మూసుకుంది. ఆ సాయంత్రమే డాబా మెట్లకి తాళం పడింది. ఆ తర్వాత మా రెండు కుటుంబాలూ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పండో ఫలమో పంపడం కూడా మానేశారు. అదీ మంచిదే, మేమూ మానేశాం.

ఇంక తిప్పడం నా వంతు. పోలు మొదట్లో పైపు రెంచి వేసి పట్టుకున్నాను. ఎదురుగా కిటికీ, కిటికీలో ఆమె. మధ్యలో ఎవరూ లేరు, అరవాల్సిన అవసరం లేదు. కాస్త తిప్పాను. ఆగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కాస్త తిప్పాను. ఆగాను. ఎండ నెత్తి మీద మాడుతోంది. ఆమె డబ్బా మీది చిన్న సిగ్నల్ దీపాన్ని చూస్తోంది, నేను ఆమెని చూస్తున్నాను. ఇంకాస్త తిప్పాను. ఆమె అరచెయ్యి లేచింది. కదలొద్దని ఇంకో చేత్తో నన్ను ఆపింది. నేను రెంచి వదిలేసినా ఆ చెయ్యి దిగలేదు.

వార్తల వేళయింది. చేతులు కడుక్కోకుండానే లోపలికెళ్ళి కూర్చున్నాను.

మా అమ్మాయి వచ్చింది. జుట్టు వెనక్కి దువ్వి కట్టుకుంది. చేతులెత్తింది. ఒక్క గడీ లేదు, ఒక్క ముక్క లేదు. గోళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఆ చేతులు పిట్టల్లా ఎగురుతున్నాయి. నేను గర్వంగా నా భార్యవైపు తిరిగాను. ఆమె మొహం వెలిగిపోతోంది. కాసేపటికి కళ్ళు చిట్లించింది. ముందుకి జరిగింది. ఇంకా ముందుకి జరిగి, ఆ గుండ్రానికి మొహం ఆనించినంత పని చేసింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను అడిగింది.

"ఏమంటోంది?"

"నీకు తెలియడం లేదా?"

"లేదు."

చేతులు బాగా కనిపిస్తున్నాయి కదా అన్నాను. కనిపిస్తున్నాయంది. మరి? తెలియదంది. అవి మన చేతులు కావు, అంది.

ఆ పూట షెడ్డుకి వెళ్ళలేదు. మా అమ్మాయి స్టూడియోలోంచి బయటికొచ్చేదాకా ఫోన్ కొడుతూనే ఉన్నాను.

"ఏం చేతులే అవి? మీ అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు!"

"నీకు చెబుదామనే అనుకున్నా నాన్నా. మనింట్లో చేతులు మనవరకే. బయట వినపడనివాళ్ళందరికీ ఒక భాష ఉంది. బళ్ళో నేర్పుతారు. టీవీలో అదే చెయ్యాలి."

"మీ అమ్మ కోసం ఆకాశమంత పోలు పాతానే నేను! మీ పెదనాన్నతో మాటలు లేకుండా పోయాయి!"

"నేను చెప్పాను కదా, అమ్మ చూడకపోయినా పర్లేదని."

"అలా చెబితే నాకేం అర్థమవుతుంది? రెండు ముక్కలు మన చేతుల్లో చెయ్యలేవా?"

"అది అమ్మ ఒక్కదాని కోసం కాదు నాన్నా. అందరి కోసం."

"అందరిలో మీ అమ్మ లేదా?"

ఏడుస్తోందని తెలిసింది. తెలిసినా నేను ఆగలేదు. మరి దాన్ని ఎవరు నేర్పమన్నారు, ఎవరు నేర్చుకోమన్నారు, బడికి పంపనివాళ్ళని పట్టుకుని ఎవరు తంతారు, ఇలా నోటికొచ్చిందల్లా అంటూనే ఉన్నాను. నా భార్య వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. వినపడని మనిషి, ఆ ఫోన్ని ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, ఆపేసి, గూట్లో పెట్టేసింది. నావైపు తిరిగింది. అవి బళ్ళో నేర్పే చేతులట, అని చెప్పాను.

అది వెళ్ళి నేర్చుకుంది. నేనూ నేర్చుకుంటాను. నువ్వు అరవకు, అంది.

నేను అరుస్తున్నానని ఆమెకెలా తెలిసిందంటారా? మెడ నరాలు చూసి.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఇలా గడిచాయి. టీవీ పక్కన ఒక పీట వేసుకుని, ఆమెకి ఎదురుగా కూర్చునేవాణ్ణి. నల్లకోటు ఆయన చెప్పేది వింటూ, మా ఇంటి చేతుల్లో ఆమెకి చెప్పేవాణ్ణి. ఆమె ఒక కన్ను నా మీద, ఒక కన్ను ఆ గుండ్రం మీద పెట్టి రెండూ కలుపుకునేది. నేను వరద అంటే, గుండ్రంలో వరద ఎలా ఉందో చూసేది. నేను మంత్రి అంటే అక్కడ మంత్రిని వెతికేది. మా భాషలో మంత్రి లేడు. మేం ఎప్పుడూ వాడి గురించి మాట్లాడుకోలేదు. మీసం మెలేసి, దాన్ని ఇంకా పొడుగ్గా లాగి సరిపెట్టాను. ధరలు, ధర్నాలు, ప్రమాదాలు, రైళ్ళు, ప్రతిపక్షాలు. నల్లకోటు ఆయన ఒక్క క్షణం ఊపిరి తీసుకోడు. నాకు వేళ్ళు పీక్కుపోయేవి. సగం మాటలకి నాకే అర్థం తెలియదు. తెలియదంటే ఊరుకునేది కాదు, షెడ్డులో ఎవరినైనా అడిగి రమ్మనేది. రాత్రి వంట చేస్తూ గరిటె పక్కన పెట్టి, గోడకేసి తిరిగి ఆ గుర్తులే సాధన చేసేది.

నేనేమో తెరకి వీపు పెట్టి కూర్చున్నవాణ్ణి. మా అమ్మాయి టీవీలో వచ్చిన ఆ కాలమంతా నేను చూసింది నా భార్య మొహమే. కూతుర్ని సరిగ్గా చూసింది బొమ్మ కుదిరిన ఆ మొదటిరోజు ఒక్కసారే. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీద రావాలో తెలియక, ఆ నల్లకోటు ఆయన మీద వస్తుంది.

ఆకాశం నల్లబడింది. మొదటి వాన పడ్డాక గుండ్రంలోకి ఇంకో ఆవిడ వచ్చింది. లావుగా, నిదానంగా చేసింది. నా భార్య కాసేపు చూసి, ఫరవాలేదు గానీ మన పిల్లంత కాదు, అని తేల్చేసింది. నా పీట అవసరం అప్పటికే తగ్గిపోయింది. నేను చెప్పబోతుంటే తెలిసిందిలే అని చెయ్యి విసిరేది.

ఆ వారమే మా అమ్మాయి ఇంటికొచ్చింది. చినుకుల్లో తడుస్తూ, సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. నా మొహం చూడడానికి జంకుతోంది, ఫోన్లో అన్న మాటలన్నీ దానికి గుర్తున్నట్టున్నాయి. వాళ్ళమ్మ ఎదురెళ్ళి కావిలించుకోలేదు. గది మధ్యలో నిలబడి, చేతులు తుడుచుకుని, ఆ గుండ్రంలోని భాష మొదలుపెట్టింది.

మా అమ్మాయి సంచీ జారిపోయింది. చెప్పులైనా విప్పలేదు. నోరు తెరుచుకుని చూసింది, చూసి, చూసి, దాని చేతులూ లేచాయి. ఇంక ఇద్దరూ ఆగలేదు. ఆ వేగం నేను ఎన్నడూ ఎరగను. మా ఇంటి చేతులు నెమ్మదిగా నడిచే చేతులు. ఇవి పరిగెత్తుతున్నాయి. మా అమ్మాయి ఏడుస్తోంది, నవ్వుతోంది, మధ్యలో నావైపు చూసి ఇంకా నవ్వుతోంది.

"ఏమంటోందే?"

"అమ్మకి వచ్చినవన్నీ వార్తల్లో మాటలే కదా నాన్నా. పెదనాన్నని ప్రతిపక్షం అంటోంది. పెద్దమ్మ సభలోంచి వాకౌట్ చేసిందట. పెరట్లో పోలు భారీ ప్రాజెక్టట."

"ప్రాజెక్టా! బాగుంది. మరి నన్నేమంది?"

మా అమ్మాయి చేతులతో వాళ్ళమ్మని అడిగింది. నా భార్య నావైపు ఓరగా చూసి, వేళ్ళు చకచకా ఆడించి, చివర్లో ఏదో ఒకటి గుండె దగ్గర పెట్టి గాల్లోకి విసిరింది. ఇద్దరూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. నా భార్య నవ్వు పైనున్న ప్రతిపక్షానికి కూడా వినపడే ఉంటుంది.

"ఏమందే?" అన్నాను, ఈసారి గట్టిగా.

"నీకు చెప్పొద్దంది."